మామ అంటే నాన్న: జార్జియాలో ఒక రోజు

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన పాఠకుల కూడికలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో వాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. పోస్టాఫీసు కౌంటర్లో 34 ఏళ్లు కూర్చున్నదాన్ని, గొంతుకేం లోటు లేదు.

నేను రచయిత్రిని కాదు. దేశదేశాల స్టాంపులు చేతిమీదుగా పోనిచ్చాను గానీ, నా పాస్‌పోర్టు నేను తీసుకున్నది 62వ ఏట. మొన్న అక్టోబరులో జార్జియా వెళ్లొచ్చాను. ఈ మాట అనగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "అట్లాంటాలో మీవాళ్లెవరున్నారు?" అని. ఆ జార్జియా కాదండీ. నల్లసముద్రానికి తూర్పున, కాకసస్ కొండల కింద, రష్యాకీ టర్కీకీ నడుమ ఇరుక్కుని ఉండే చిన్న దేశం. 1991 దాకా సోవియట్ యూనియన్‌లో ఉండేది. వాళ్ల భాషలో అయితే దాని పేరు జార్జియా కానే కాదు, సకార్త్వేలో. రాజధాని తిబిలిసి. మా తమ్ముడి కూతురు అక్కడ డాక్టరీ నాలుగో సంవత్సరం. మన పిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసా? దిగిన రెండో రోజే మెట్రోలో "ఒరేయ్, దిగాల్సింది ఇక్కడేరా!" అని కేక వినిపించింది.

పది రోజులున్నాను. కోటలు, చర్చిలు, రోప్‌వే, అన్నీ చూశాను. అవన్నీ ఫోన్లో మీరూ చూడొచ్చు. నేను చెప్పాలనుకున్నది ఒక్క రోజు గురించి. మేనకోడలు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ, ద్రాక్ష కోతలని ఆదివారం పుట్టింటికి వెళ్తూ, "మీ అత్తయ్యని కూడా తీసుకురా" అంది.

నేను వెంటనే వద్దన్నాను. ఎందుకంటారా? ఎందుకేముంది, మొహమాటం. వాళ్లకి పనుల రోజు, మనం అడ్డం. పైగా నేను మాంసం తినను, మందు ముట్టను. వైను పండించే ఇంటికి నాలాంటి చుట్టం ఎందుకు? మేనకోడలు ఒకటే మాటంది. "అత్తా, ఇక్కడ ఒకసారి వద్దంటే మొహమాటం, రెండోసారి అంటే వాళ్లు బాధపడతారు." అప్పుడు ఆలోచించాను. 'అతిథి దేవో భవ' అని తైత్తిరీయంలో చెప్పిన మాట మనం గోడలకి కూడా రాసుకుంటాం. కానీ అది ఎప్పుడూ పెట్టేవాళ్ల వైపునుంచే చదువుకున్నాం. వడ్డించడం, కొసరి కొసరి పెట్టడం మనకి పుట్టుకతో వచ్చు. మరి ఆ పీట మీద కూర్చునే దేవుడి సంగతేమిటి? నైవేద్యం పెడితే దేవుడు "అబ్బే, ఇప్పుడే తినొచ్చానండీ" అనడు కదా. నేను జీవితమంతా అలా అనే దేవుణ్ణి. (నవ్వులు)

సరే, ఉత్తచేతులతో వెళ్లకూడదు కదా. ఇంటినుంచి తీసుకెళ్లిన ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా ఉంది. దారిలో ఎర్రగులాబీలు కొన్నాను. పది. బండెక్కాక మేనకోడలు వాటిని లెక్కపెట్టి బిక్కమొహం వేసింది. అక్కడ సరిసంఖ్యలో పువ్వులు ఇచ్చేది చావింటికేనట. శుభానికి బేసి. చూడండి, వంద కాకుండా నూటపదహార్లని అంకె చూసి మరీ చదివించే జాతిలో పుట్టి నాకు ఆ తెలివి లేకపోయింది. పదకొండు చేయడానికి ఇంకో పువ్వు లేదు గానీ, తొమ్మిది చేయడానికి నా జడ ఉంది. అలా తల్లో గులాబీతో నేను కఖేతి చేరాను.

కఖేతి అంటే తూర్పు వైపు ప్రాంతం, ద్రాక్షసీమ. ఓనరమ్మ కారు జపాన్ నుంచి వచ్చిన పాత బండి, స్టీరింగ్ మనకిలాగే కుడివైపు. కానీ ఆ దేశంలో బండ్లు నడిచేది రోడ్డుకి కుడిపక్కన. లారీని దాటాలంటే ఎడమ సీట్లో ఉన్నవాళ్లు తొంగిచూసి చెప్పాలి. ఆ ఎడమ సీట్లో నన్ను కూర్చోబెట్టారు! దానికి తోడు దారిలో చర్చి కనపడ్డప్పుడల్లా ఆవిడ స్టీరింగ్ వదిలేసి మూడుసార్లు శిలువ గుర్తు వేసుకునేది. మన ఆర్టీసీ డ్రైవర్లు గుడి ముందు దండం పెట్టడం గుర్తొచ్చి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. గొంబోరి అనే కనుమ ఎక్కి దిగితే అలజాని నది లోయ. అవతల గోడ కట్టినట్టు కాకసస్, నెత్తిన మంచు. లోయ నిండా ద్రాక్ష. అంతకన్నా వర్ణించడం నాకు చేతకాదు.

ఇంటి ముందు ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎనభై ఉంటాయి. ఓనరమ్మ పరిచయం చేసింది: "చెమి మామ." చెమి అంటే నా. ఓహో, మేనమామ అనుకున్నాను. ఆయన్ని చాలా గౌరవంగా పలకరించాను. లోపల తిరిగాం, వాళ్లమ్మని చూశాం, అన్నదమ్ముల్ని చూశాం. కాసేపటికి నేను మేనకోడల్ని అడగమన్నాను, "మరి వీళ్ల నాన్నగారెక్కడ? పోయారా పాపం?" అని. ఆ పిల్ల అది తర్జుమా చేయకుండా కడుపు పట్టుకుంది. వాళ్ల భాషలో మామ అంటే నాన్నేనట! అమ్మని దెదా అంటారు. ఇంతలో ఎవరో విషయం చెప్పేశారు. పెద్దాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రోజంతా నన్ను చూసినప్పుడల్లా "నేనింకా పోలేదు" అంటూనే ఉన్నాడు. ఆ మాట రాత్రికి ఇంకో చోటికి దారితీసింది, చెప్తాను.

పూతరేకులు ఇచ్చాను. వాళ్లమ్మ, అంటే అవ్వ, వాళ్ల మాటలో బెబియా, ఒకటి చేతిలోకి తీసుకుని ఎంతో జాగ్రత్తగా పైపొర విప్పడం మొదలెట్టింది. కాగితం అనుకుంది. ఒక పొర విప్పి పక్కన పెట్టింది, రెండో పొర విప్పింది, ఇంకా కాగితమే వస్తోందని నా వైపు చూసింది. నేను ఆ పక్కన పెట్టిన పొర తీసి నోట్లో వేసుకున్నాను. ఆవిడ ముఖం చూడాలి మీరు!

తర్వాత తోటలోకి. ఊరికే చూడ్డానికి కాదు, చేతికి కత్తెర, బకెట్ ఇచ్చారు. నాకది ఎంత నచ్చిందో చెప్పలేను. చుట్టాన్ని సోఫాలో కూర్చోబెట్టి టీవీ పెట్టడం మన పద్ధతి, ఆ చుట్టానికి అంతకన్నా నరకం లేదు. పని ఇస్తే మనిషి సగం ఇంటివాడైపోతాడు. రెండు రకాల ద్రాక్ష: ర్కాత్సితెలి, సపెరావి. మొదటిది తెల్లది. రెండోది నల్లది, గింజ చిదిమితే లోపలి రసం కూడా ఎరుపే. చాలా నల్లద్రాక్షల్లో రంగు తొక్కలోనే ఉంటుంది. మధ్యాహ్నానికి నా వేళ్లు గోరింటాకు పండినట్టున్నాయి.

ఆ కోతల్ని ర్త్వేలి అంటారు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. చుట్టాలు, ఇరుగుపొరుగు అంతా వస్తారు. ఈ ఇంట్లో ఎకరం పైచిలుకే తోట. అమ్మేది కొంత, ఇంటికి కొంత. పెద్దాయన ఒక మొదలు దగ్గర ఆగి చెప్పాడు. 1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ తాగుడు మాన్పిస్తానని బయలుదేరినప్పుడు తోటలు చాలా నరికేశారట. మళ్లీ నాటుకుని నిలదొక్కుకునేసరికి, 2006లో జార్జియా వైను కొనడాన్ని రష్యా నిషేధించింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి 2013 దాకా పట్టింది. ఆయన ఇదంతా కోపంగా చెప్పలేదు. మన రైతులు మిర్చి ధర పడిపోయిన సంవత్సరం గురించి చెప్తారే, అలా.

వైను ఎలా చేస్తారో చూపించారు. నేను తాగనుగానీ ఆ పనితనం చూసి తీరాలి. మొదట ఇంటి పక్కన కొట్టులోకి తీసుకెళ్లారు. నేల మీద ఏమీ లేదు, ఆరేడు గుండ్రటి కంతలు తప్ప. ప్రతి కంతా ఒక మట్టి బానకి మూతి. బాన మొత్తం మెడదాకా భూమిలో పాతి ఉంటుంది. క్వెవ్రి అంటారు. కోడిగుడ్డు ఆకారం, లోపల తేనెమైనం పూత. పెద్ద బానలోకి మనిషి దిగి కడుగుతాడు. ద్రాక్షని దుంగ తొలిచి చేసిన తొట్టిలో తొక్కి, రసం, తొక్కలు, గింజలు, కాడలతో సహా అందులో పోసి వదిలేస్తారు. భూమి లోపల చల్లదనం ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అది పులిసే వేగం అదుపులో ఉంటుంది. తెల్లద్రాక్ష కూడా తొక్కతో నానేసరికి తేనెరంగు వస్తుంది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తిబిలిసికి దక్షిణంగా తవ్వకాల్లో దొరికిన పెంకుల మీద ద్రాక్షసారా ఆనవాళ్లు ఉన్నాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఆ పెంకుల వయసు సుమారు 8000 ఏళ్లు. పిండాక మిగిలిన పిప్పి నుంచి ఘాటు సారాయి కాస్తారు, ఎండిన ద్రాక్షతీగలు పొయ్యిలోకి. మా అమ్మమ్మ ఇంట్లో కొబ్బరిచెట్టు గుర్తొచ్చింది, పారేసేది ఒక్కటీ లేదు.

నాకు అన్నిటికంటే బాగా గడిచింది మాత్రం ఆ తర్వాతి గంట. బెబియా నన్ను అరుగు మీదికి పిలిచి సూది, దారం, ఒక చాటలాంటి దాంట్లో అక్రోటు పప్పులు నా ముందు పెట్టింది. పప్పు విరగకుండా దారానికి గుచ్చాలి. ఆవిడకి తెలుగు రాదు, నాకు జార్జియన్ రాదు, మేనకోడలు తోటలో ఉంది. కానీ సూదిదండ గుచ్చడానికి భాషెందుకండీ? చిన్నప్పుడు వేసవి సాయంత్రాలు మల్లెమొగ్గలు గుచ్చిన చేతులివి. నేను రెండు దండలు గుచ్చేసరికి ఆవిడ నా వేళ్ల వైపు చూసి, తన దండతో పోల్చి, ఏదో అని తల ఊపింది. మెచ్చుకుందో, గింజలు దూరంగా పడ్డాయందో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆ దండల్ని, ద్రాక్షరసంలో పిండి కలిపి చిక్కగా ఉడికించిన జావలో ముంచి తీసి, కొయ్యకి వేలాడదీసింది. ఆరితే పైన తాండ్రలా గట్టిపడుతుంది. దాని పేరు చుర్చ్‌ఖేలా. తిబిలిసి బజారులో వేలాడుతుంటే నేను కొవ్వొత్తులనుకున్నాను. తాండ్ర అంటే గుర్తొచ్చింది, పుల్లటి ఆల్‌బుఖారా జాతి పళ్ల గుజ్జుని పల్చగా పరిచి ఎండబెట్టి చుట్టలు చుడతారు, త్క్లాపి అని. రుచి పులుపుగానీ చేసే పద్ధతి అచ్చం మన మామిడితాండ్రే.

ఇక భోజనం. సుప్రా అంటారు. వాళ్లకి అది విందు కాదు, సభ. బల్ల మీద ఖాళీ కనపడకూడదు. ఒక ప్లేటు అయిపోతే తీసేయరు, దాని మీద ఇంకోటి పెడతారు. నా తిండి సంగతి ముందే చెప్పించాను. మీలో శాకాహారులెవరైనా అక్కడికి వెళ్తే ఈ మాట రాసుకోండి: 'సమర్ఖ్వో'. ఉపవాసం రోజు తినదగ్గది అని అర్థం. వాళ్ల చర్చి పద్ధతిలో బుధ, శుక్రవారాలు, ఇంకా పెద్ద పండుగల ముందు వారాల తరబడి మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. అందుకని ప్రతి ఇల్లాలికీ ఆ వంట వచ్చు. బెబియా అడిగిందట, "ఎన్నాళ్ల ఉపవాసం?" అని. "పుట్టినప్పటినుంచి" అని చెప్పింది మా పిల్ల. అవ్వ నన్ను ఒక సన్యాసినిని చూసినట్టు చూసింది. ఆ గౌరవం గంటసేపే నిలిచింది. ఆఖర్న నేను పెరుగు అడిగాను. వాళ్లది మత్సోని అంటారు, గడ్డ పెరుగు, కమ్మగా ఉంటుంది. పెరుగు లేకుండా భోజనం అయిందని నా కడుపు ఒప్పుకోదు కదా. "అదేమిటి, పెరుగు తింటే ఉపవాసం చెడిపోదూ?" అని ఆవిడ బెంగ. పెరుగుతో ముగిస్తేనే మా ఉపవాసం పూర్తవుతుందని చెప్పించాను. అబద్ధమే, ఏం చేయను!

వంకాయ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. పొడుగు ముక్కలు వేయించి, లోపల అక్రోటు, వెల్లుల్లి, కొత్తిమీర నూరిన ముద్ద పెట్టి చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లుతారు. ఆ ముద్దలో మెంతుల జాతి మసాలా ఒకటి, ఇంకోటి... మీరు నమ్మరు, ఎండబెట్టిన బంతిపూల రేకుల పొడి. మనం గుమ్మాలకి కట్టేది వాళ్లు కూరలో వేస్తున్నారు. గుత్తివంకాయ ఊళ్లో పుట్టిన నేను చెప్తున్నాను, ఆ వంకాయ మన వంకాయకి సరిజోడు.

సుప్రా నడిపించే పెద్దమనిషిని తమాదా అంటారు. ఆ రోజు తమాదా మన 'మామ'గారే. గ్లాసులో పోసి ఉంటుంది, కానీ ఎవరూ ముట్టరు. తమాదా లేచి ఒక విషయం ఎత్తుకుంటాడు: దేవుడు, శాంతి, దేశం, తల్లిదండ్రులు, పిల్లలు, వచ్చిన చుట్టం. దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడతాడు. తర్వాత ఒక్కొక్కరూ అదే విషయం మీద తమ మాట కలపాలి, అన్నదే అనకూడదు, అప్పుడు తాగాలి. 'అలవెర్ది' అని ఎవరి పేరైనా పిలిస్తే అందిపుచ్చుకుని వాళ్లు మాట్లాడాల్సిందే. నాకు మన అవధానం గుర్తొచ్చింది. సమస్య ఇచ్చేదీ ఆయనే, పూరించాల్సింది మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్లు. నాకు, పిల్లలకి అప్పుడే తొక్కిన తియ్యటి ద్రాక్షరసం పోశారు. ప్రతి మాటకీ చివర 'గౌమార్జోస్' అంటారు. రోజూ పలకరించుకునే 'గమార్జోబా' కూడా ఆ కుటుంబంలో మాటే, రెంటికీ మూలం విజయం. పొద్దున్నే కూరగాయలమ్మకి 'విజయీభవ' అన్నట్టన్నమాట. ఎన్నో దేశాలు మీదపడి పోయిన నేల కదా. తిబిలిసి కొండ మీద ఒక తల్లి విగ్రహం ఉంది, నగరానికి 1500 ఏళ్లు నిండాయని 1958లో నిలబెట్టారు. ఒక చేతిలో స్నేహితుడికి వైను గిన్నె, ఇంకో చేతిలో శత్రువుకి కత్తి.

ఒక సంగతి నాకు నచ్చలేదు, దాచను. స్త్రీల గౌరవార్థం తమాదా కళ్లు చెమర్చేలా మాట్లాడుతుంటే, ఆ స్త్రీలు వంటింట్లో ప్లేట్లు కడుగుతున్నారు. ఓనరమ్మ చేతిలో గుడ్డతో గుమ్మం దగ్గర నిలబడి తన మీద చెప్పిన ప్రశంస విని, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను లేచి సాయం చేయబోతే "నువ్వు చుట్టానివి, కూర్చో" అన్నారు. మగవాళ్ల బల్ల దగ్గర కూర్చోవడానికి నాకు చుట్టరికం పనికొచ్చిందన్నమాట. మనిళ్లలో మాత్రం ఏం తక్కువ? మొదటి పంక్తి ఎవరిదో మనకి తెలియదా?

ఇక ఆ మాట దగ్గరికి వస్తాను. వరసలో పోయినవాళ్ల వంతు వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. మనకి పోయినవాళ్లు తద్దినం రోజునో, మహాలయ పక్షంలోనో గుర్తొస్తారు, పండగ బల్ల మీద వాళ్ల ఊసెత్తితే అపశకునం. వాళ్లకి అలా లేదు. నవ్వుల మధ్యలోనే వాళ్లకీ ఒక వంతు ఉంటుంది. రొట్టెముక్క మీద నాలుగు చుక్కల వైను వదులుతారు. ఒక్కొక్కరూ తమవాళ్ల పేర్లు చెప్పారు. తమాదా నా వైపు తిరిగి, "నేనింకా పోలేదని పొద్దున తేలింది కదా. మరి మీ ఇంట్లో పోయినవాళ్లెవరు? పేరు చెప్పండి, మేమూ తలుచుకుంటాం" అన్నాడు.

మా ఆయన పోయి ఆరేళ్లు. ఈ సభలో ఉన్న నా వయసు ఆడవాళ్లకి తెలుసు, మేము మొగుడి పేరు పలికేవాళ్లం కాదు. ఫారాల్లో రాశాను, మనియార్డర్ మీద రాశాను, నోటితో అనలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ "ఏమండీ", పోయాక "ఆయన". మేనకోడలు అందించబోయింది, ఆగమని సైగ చేశాను. చెప్పాను. పద్నాలుగు మంది ఆ పేరు తిరగేసి, కూడబలుక్కుని, చివరికి సరిగ్గా పలికారు. పెద్దాయన తన రొట్టె మీద ఆయనకీ నాలుగు చుక్కలు వదిలాడు. నేను ద్రాక్షరసం వదిలాను, తర్పణం వదిలినట్టే.

ఆ పేరు ఇక్కడ చెప్పను లెండి. ఇక్కడ మళ్లీ సిగ్గు.

తర్వాత పాటలు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు పై గొంతు, మిగతావాళ్లు అడుగున ఒకటే స్వరం పట్టుకుని వదలరు. మూడు గొంతులు మూడు దారుల్లో పోయి ఒక చోట కలుస్తాయి. 1977లో అమెరికావాళ్లు అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ రికార్డులో జార్జియా జానపద పాట ఒకటి ఉంది. అదే రికార్డులో తెలుగులో చెప్పిన శుభాకాంక్షలూ ఉన్నాయి. ఆ సంగతి చెప్పాక ఇంక నన్ను వదుల్తారా, పాడమన్నారు. నాకొచ్చింది ఒక మంగళహారతి. నేను ఎత్తుకున్న రెండో చరణానికి ఆ మగవాళ్లు చిన్నగా అడుగుస్వరం అందుకున్నారు. తంబురా శ్రుతి పట్టినట్టుంది. నాకు జీవితంలో ఎవరూ శ్రుతి పట్టలేదండీ. తప్పులు కూడా బాగా వినిపించాయి.

ఎన్టీఆర్ గురించి కూడా చెప్పి చూశాను. వాళ్లకి తెలిసింది రాజ్‌కపూర్ ఒక్కడే, సోవియట్ కాలం నుంచి. పెద్దాయన ఆ పేరు చెప్పి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఏం చేస్తాం.

బయల్దేరేటప్పుడు నా పాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. మూట కడుతుంటే "ఎందుకండీ ఇవన్నీ, లగేజీ బరువు" అన్నాను. బెబియా వినిపించుకోలేదు. అక్రోట్లు, త్క్లాపి చుట్ట, నేను గుచ్చినవి ఆరలేదని కిందటి వారం చేసిన చుర్చ్‌ఖేలాలు, కూల్‌డ్రింకు బాటిళ్లలో ఐదు లీటర్ల వైను. వైను నేనేం చేసుకోను? మేనకోడలి ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను. ఈ విషయం మా తమ్ముడికి చెప్పలేదు. మూడో వరసలో కూర్చున్నాడు, ఇప్పుడు తెలిసింది. (నవ్వులు)

అడగండమ్మా, ఏదో అడుగుతున్నారు. మాకు అక్కడ ఎవరూ లేరు, ఇలాంటి ఇల్లు ఎలా దొరుకుతుందనా? మంచి ప్రశ్న. నాకు దొరికింది మేనకోడలి పుణ్యం. కానీ దారులున్నాయి. సర్వాస్ అని 1949లో మొదలైన సంస్థ ఉంది, రెండో ప్రపంచయుద్ధం తర్వాత దేశాల మధ్య మనుషులు ఒకరింటికొకరు వెళ్లాలని పెట్టారు. అందులో చేరినవాళ్లు డబ్బు తీసుకోకుండా ఇంట్లో ఉంచుకుంటారు, మనమూ ఉంచుకోవచ్చు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన గ్రీటర్లు అనే పద్ధతి ఇంకోటి. ఊరివాళ్లే ఉచితంగా రెండు మూడు గంటలు తమ పేట చూపిస్తారు. చాలా దేశాల్లో ఉంది. కఖేతిలో డబ్బు కట్టి భోంచేసే ఇళ్లు కూడా బోలెడు. డబ్బిస్తే అది ఆతిథ్యం కాదని నేననను, వండిన మనిషి కష్టానికి ధర కట్టడం న్యాయమే. కాకపోతే అక్కడ మీ చేతికి కత్తెర ఇస్తారో లేదో కనుక్కోండి.

ఇంకోటా? వాళ్లు మనింటికి వస్తే ఏం చేస్తారనా? వస్తానంది ఓనరమ్మ, వచ్చే సంక్రాంతికి. టెన్షన్‌గానే ఉంది. గొబ్బెమ్మలు పెట్టే పని ఆవిడకే అప్పజెప్తాను.

చాలించమని సైగ చేస్తున్నారు. అదిగో, ఆ పళ్లెంలో ఉన్నది చుర్చ్‌ఖేలా, పొద్దున ముక్కలు కోశాను. తలా ఒకటి వస్తుంది, వద్దనకండి. మధ్యలో దారం ఉంటుంది, దాన్ని లాగేసి తినండి.